ఒక వైరు, మూడు టీవీలు, ఒక మోడెమ్: అవ్వ గది వైరే ఎందుకు పీకాలి?



పోయిన మీటింగులో చెరువు కట్ట గురించి, చందాల గురించి చాలా సేపు మాట్లాడుకున్నాము. అంతా లేచిపోయేటప్పుడు ఒక అన్న మెల్లగా అడిగిన మాట మాత్రం ఎవరూ సరిగ్గా వినలేదు. "ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించినాంక టీవీ బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తా ఉంది. టీవీ బాగు చేస్తే ఇంటర్నెట్ పోతుంది. ఏమి చేయాలి?" అని. దానికి ఒకరు ఆంప్లిఫయర్ పెట్టించమన్నారు, ఒకరు ఆపరేటర్‌ను మార్చమన్నారు. ఇంకొకరు "పెద్దవాళ్ళ గదిలో టీవీ తీసేయి, సరిపోతుంది" అని నవ్వినారు. ఆ మూడో మాట నాకు ఇంటికి వచ్చినాంక కూడా గుచ్చుతానే ఉంది. ఎందుకంటే అదే పని నేను మా ఇంట్లో చేసినాను. అది తప్పు అని నాకు తెలిసింది కాబట్టి ఇది రాస్తున్నాను. పొడుగైంది, తీరికగా చదవండి.

మాది లక్కూరులో పాత ఇల్లు. హాల్లో ఒక టీవీ, మా గదిలో ఒకటి, అవ్వ గదిలో ఒకటి. వీధిలో నుంచి వచ్చే కేబుల్ వైరు ఒకటే. టీవీ కొన్నప్పుడల్లా ఒక చిన్న స్ప్లిటర్ తెచ్చి, ఉన్న వైరును కోసి, దాని వెనక తగిలించుకుంటా పోయినాము. ఆఖరున మోడెమ్ వచ్చింది. దాన్ని కూడా చిట్టచివర, అవ్వ గది పక్కన మిగిలిన మూలలో పెట్టినాము. పిల్లోడికి పీయూసీ ఆన్‌లైన్ క్లాసులు. గంటకు రెండుసార్లు లైను తెగిపోయేది. నేను కేబుల్ చూసే అబ్బాయికి ఫోన్ చేసి గట్టిగా అరిచినాను. వాడు రెండుసార్లు వచ్చి స్తంభం దగ్గర చూసి, "అన్నా, అక్కడ సిగ్నల్ బాగానే ఉంది" అన్నాడు. నేను నమ్మలేదు. చివరికి అవ్వ గదికి పోయే వైరు పీకేసినాను. ఇంటర్నెట్ కొంచెం నిలబడింది. సమస్య తీరింది అనుకున్నాను.

అవ్వ ఒక మాట అనలేదు. సాయంత్రం అయితే వాకిట్లో కూర్చునేది. పది పన్నెండు దినాలు అట్లే గడిచినాయి. ఒక దినం నా కూతురు అడిగింది: "నాయనా, అవ్వ ఎందుకు ఇప్పుడు ఏమీ చెప్పదు? ముందు రోజూ సీరియల్ కథ చెప్పేది కదా."

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాము, బయట కన్నడం మాట్లాడతాము. పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు నేర్చుకుంటారు. మన హోబళిలో చాలామంది తెలుగువాళ్ళకు తెలుగు అక్షరాలు రావు. నోట్లో మాత్రమే తెలుగు ఉంది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చినాంక, పొద్దుటి నుంచి రాత్రి దాకా తెలుగు వినబడే చోటు మన ఇళ్ళల్లో టీవీ ఒక్కటే అయింది. అవ్వ ఆ కథను మా పాపకు తన మాటల్లో తిరిగి చెప్పేది. పాపకు వచ్చిన తెలుగులో సగం ఆ చెప్పడంలోనే వచ్చింది. నేను వైరు పీకినప్పుడు ఒక టీవీని మాత్రమే ఆపినాను అనుకున్నాను. ఆగింది ఆ కథ చెప్పడం.

సరే, ఇక పనికి వద్దాము. తప్పు ఎక్కడ ఉందో చూద్దాము.

స్ప్లిటర్ అనేది మంత్రం పెట్టె కాదు. లోపల పోయిన సిగ్నల్‌ను పంచుతుంది, అంతే. మన పెద్దవాళ్ళకు ఇది కొత్త కాదు. చెరువు కింద నీరుగంటి తూము తీసి, కాలువను రెండు పాయలు చేస్తే, ఒక్కో పాయకు సగమే పోతుంది. మట్టి కాలువ తాగేది ఇంకొంచెం. స్ప్లిటర్‌లో కూడా అంతే. రెండు దారుల స్ప్లిటర్‌లో ఒక్కో దారికి సుమారు 3.5 డెసిబెల్ తగ్గుతుంది. అంటే వందలో 45 వంతులు మాత్రం మిగులుతాయి. నాలుగు దారులది అయితే సుమారు 7 డెసిబెల్, వందలో 20. ఎనిమిది దారులది అయితే 11 డెసిబెల్ దాకా, వందలో 8. మూడు దారుల స్ప్లిటర్‌లలో చాలావాటికి ఒక దారి 3.5, మిగతా రెండూ 7 అని మీదనే అచ్చు వేసి ఉంటుంది. ఏ దారికి ఏది తగిలించాలో అక్కడే రాసి ఉన్నా మనం చదవము.

మేము చేసింది ఏమిటి? రెండు దారుల స్ప్లిటర్‌లు మూడు, ఒకదాని వెనక ఒకటి. చివర ఉన్న మోడెమ్‌కు పోయేసరికి 10.5 డెసిబెల్ పోయింది. అంటే వందలో 9 వంతులు మిగిలినాయి. దాని మీద వైరు పొడుగు. ఆర్‌జీ6 అనే మంచి వైరులో కూడా ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర 30 మీటర్లకు 5, 6 డెసిబెల్ తగ్గుతుంది. పాత సన్న వైరు అయితే ఇంకా ఎక్కువ. అటక మీద ఒక చోట నేనే వైరును చేత్తో మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టినాను. అది ఇంకొక దొంగ.

టీవీకి, మోడెమ్‌కు ఒక పెద్ద తేడా ఉంది. ఇది తెలియకనే ఇన్ని తగవులు. టీవీ బాక్సు వినేది మాత్రమే. మోడెమ్ వినాలి, తిరిగి మాట్లాడాలి కూడా. డాక్సిస్ పద్ధతిలో నడిచే కేబుల్ మోడెమ్ అదే వైరులో కింది ఫ్రీక్వెన్సీల మీద, మన దేశంలో సాధారణంగా 5 నుంచి 65 మెగాహెర్ట్‌జ్ మధ్య, ఆపరేటర్ వైపు తిరిగి పంపుతుంది. స్ప్లిటర్‌లో వచ్చేటప్పుడు ఎంత పోతుందో, పోయేటప్పుడు కూడా అంతే పోతుంది. మూడు గోడల అవతల నుంచి మాట్లాడే మనిషి గొంతు పెంచినట్లు, మోడెమ్ తన శక్తి పెంచుతుంది. దానికి ఒక హద్దు ఉంది. హద్దు దాటితే లైను తెగుతుంది, మళ్ళీ మొదటి నుంచి కలుపుకుంటుంది. మా పిల్లోడి క్లాసు తెగింది అందుకే. ఆపరేటర్ తప్పు కాదు, అవ్వ తప్పు అసలే కాదు.

పాత కాలంలో ఈ జబ్బు కంటికి కనబడేది. అనలాగ్ టీవీలో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి. ఇంకా తగ్గితే ఇంకా చుక్కలు. మనకు ముందే తెలిసేది. డిజిటల్‌లో అట్ల కాదు. ఒక గీత దాకా బొమ్మ అద్దం లాగ ఉంటుంది. గీత దాటిన మరుక్షణం ముక్కలు ముక్కలై నిలిచిపోతుంది. అందుకే "నిన్నటి దాకా బాగానే ఉంది, ఇవాళ పోయింది, ఎవరో ఏదో చేసినారు" అనిపిస్తుంది. నిజానికి నిన్న కూడా అంచు మీదనే ఉండి ఉంటుంది.

ఇప్పుడు బాగు చేసిన తీరు. కేబుల్ అబ్బాయి దగ్గర లెవెల్ మీటరు ఉంది. నేను క్షమించమని అడిగి పిలిచినాను. వాడు నవ్వి వచ్చినాడు. ఇంటి లోపలికి వచ్చే చోట 68 చూపించింది. వాళ్ళు డీబీ మైక్రోవోల్ట్ అంటారు. అక్కడే, మొట్టమొదట, ఒక మంచి రెండు దారుల స్ప్లిటర్ పెట్టినాము. ఒక దారి నేరుగా మోడెమ్‌కు, మధ్యలో ఇంకేమీ లేకుండా. అక్కడ లెక్క ప్రకారం 64.5. రెండో దారికి నాలుగు దారుల స్ప్లిటర్ పెట్టి మూడు టీవీలకు పంచినాము. 64.5లో 7 పోతే 57.5. అవ్వ గదికి పదిహేను మీటర్ల వైరు, అందులో ఒక 3 పోతే 54 చిల్లర. సెట్‌టాప్ బాక్సుకు సుమారు 50 నుంచి 70 మధ్య ఉంటే హాయిగా పని చేస్తుంది. అంటే ఎవరి టీవీ తీయకుండానే అందరికీ సరిపోయింది. మొదటి నుంచీ ఉన్న సిగ్నల్ అంతే. పంచిన వరుస మారింది, అంతే.

మిగిలిన నాలుగో దారిని ఊరికే వదలలేదు. దానికి 75 ఓమ్స్ టెర్మినేటర్ అనే చిన్న మూత బిగించినాము. ఇది చాలామంది నవ్వి వదిలేసే సంగతి. నా ఉద్దేశంలో మన సంఘం పట్టించుకోవలసింది ఇదే, ఎందుకంటే ఇది ఒక ఇంటి సంగతి కాదు. తెరిచి పెట్టిన దారి, వదులుగా ఉన్న కనెక్టర్, మెలిపెట్టిన జాయింటు బయటి గోలను ఏంటెన్నా లాగ పట్టుకుంటాయి. మిక్సీ, మోటారు, వెల్డింగు, రేడియో, అన్నీ. ఆ గోల మోడెమ్ తిరుగు దారిలో ఎక్కి ఆపరేటర్ వైపు పోతుంది. వీధిలో ఇరవై ఇళ్ళ గోల ఒకే గరాటులో పడినట్లు అక్కడ చేరుతుంది. నా అటక మీది టేపు జాయింటు వల్ల మూడో ఇంటి పిల్ల పరీక్ష ఫారం అప్‌లోడ్ కాకపోవచ్చు. ఆమె తండ్రి ఆపరేటర్‌ను తిడతాడు. ఆపరేటర్ స్తంభం ఎక్కి దిగుతాడు. నేను హాయిగా క్రికెట్ చూస్తుంటాను. చెరువు కాలువకు గండి కొట్టినవాడిని ఊర్లో నిలదీస్తాము. ఇది కూడా గండే. కంటికి కనబడదు, అంతే తేడా.

ఇక ఆంప్లిఫయర్ మాట. బజారులో దొరికే చవక ఆంప్లిఫయర్‌లు చాలావరకు ఒక దిక్కుకే పెంచుతాయి. టీవీకి సరే. మోడెమ్ దారిలో పెడితే దాని తిరుగు మాటను అడ్డగిస్తాయి, ఇంటర్నెట్ పూర్తిగా పోతుంది. ఇంకో సంగతి, ఆంప్లిఫయర్ సిగ్నల్‌తో పాటు గోలను కూడా పెంచుతుంది. చివరలో, సిగ్నల్ అప్పటికే పాడైనాంక పెంచితే పాడైనదే పెద్దగా వస్తుంది. పెట్టాల్సి వస్తే పంచకముందు, ఇంటి మొదట్లో పెట్టాలి. మన కోలారు వాళ్ళకు ఇది వేరే ఎవరో చెప్పాల్సిన పని లేదు. 1902లో శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు లాగి మన బంగారు గనులకు కరెంటు తెచ్చినప్పుడు, ఒత్తిడిని అక్కడే, బయలుదేరే చోటే పెంచి పంపినారు. దారిలో పోయేది తగ్గించాలంటే దారికి ముందే చూసుకోవాలి.

మన సభ్యుల్లో కొందరికి ఇప్పుడు ఫైబర్ నేరుగా ఇంట్లోకి వచ్చింది. వాళ్ళకు లెక్క వేరు. గాజు తీగలో ఇంటర్నెట్‌కు రెండు రంగుల వెలుగు, టీవీకి ఇంకొక రంగు వెలుగు పోతాయి: 1490, 1310 నానోమీటర్లు ఇంటర్నెట్‌కు, 1550 టీవీకి. గోడ మీది డబ్బాలో టీవీ కోసం వేరే పిన్ను ఉంటే, దాని తర్వాత టీవీలకు ఎన్ని పాయలు చేసినా ఇంటర్నెట్‌కు ఏమీ కాదు. తగ్గేది టీవీ సిగ్నల్ మాత్రమే. కానీ ఆ డబ్బాకు ముందు ఫైబర్‌నే కోసి పక్కింటికి పాయ తీయకండి. వెలుగు కూడా సగానికి పైగా తగ్గుతుంది, టీవీకి ఇంటర్నెట్ కన్నా చాలా బలమైన వెలుగు కావాలి, ముందు పోయేది అదే. డిష్ ఉన్నవాళ్ళకు ఇంకొక మాట. కేబుల్ స్ప్లిటర్ డిష్‌కు పనికి రాదు. బాక్సు 13, 18 వోల్టులు మార్చి మార్చి పంపి పైన ఉన్న ఎల్‌ఎన్‌బీకి ఏ ఛానెళ్ళు కావాలో చెబుతుంది. రెండు బాక్సులు ఒకే తీగలో రెండు మాటలు చెబితే అది ఎవరి మాట వింటుంది? రెండు అవుట్‌పుట్‌లు ఉన్న ఎల్‌ఎన్‌బీ, రెండు వేరే వైర్లు కావాలి.

ఇంకొందరు బాక్సు తర్వాత పాయలు చేస్తారు. ఒకే సెట్‌టాప్ బాక్సు, దాని నుంచి రెండు టీవీలకు వైరు. అది పని చేస్తుంది, కానీ రెండు టీవీల్లోనూ ఒకే ఛానెల్. హాల్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటే ఇల్లంతా వాళ్ళదే. అవ్వ గదిలో టీవీ ఉన్నట్లే, లేనట్లే.

డబ్బుల మాట కూడా దాచకుండా చెప్పుకుందాము. పాత అనలాగ్ రోజుల్లో ఒక కనెక్షన్ తీసుకుని నాలుగు టీవీలకు, కొందరు గోడ దూకించి తమ్ముడి ఇంటికి కూడా, పంచుకున్నారు. పల్లెలకు కూడా డిజిటల్ తప్పనిసరి అన్న ఆఖరు గడువు 2017 మార్చి 31. అప్పటి నుంచి ప్రతి టీవీకి ఒక బాక్సు కావాలి. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త పద్ధతిలో నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, జీఎస్టీ కలిపి 153 చిల్లర అయింది. రెండో టీవీకి కూడా నిండు ఫీజు ఏమిటి అని జనం గోల పెడితే, 2020లో వచ్చిన మార్పులో ఒకే ఇంట్లో రెండో టీవీ నుంచి ఆ ఫీజులో 40 శాతానికి మించి తీసుకోకూడదన్నారు. 2024 జులైలో ఆ 130 రూపాయల హద్దు తీసేసి, ధర ఆపరేటర్లకే వదిలినారు. కాబట్టి ఇప్పుడు మనం చేయాల్సింది ఒకటే: రెండో టీవీకి మీ ధర ఎంత అని ముందే అడిగి, రాసి ఇచ్చింది తీసుకోవాలి. అడిగితే తగ్గించేవాళ్ళు ఉన్నారు. అడగని వాళ్ళే నిండు డబ్బు కడతారు.

అయితే ఒకే ఇంటి తగ్గింపు చూపించి, ఆ రెండో బాక్సును పక్కింటికి పంపడం నాకు సరి అనిపించదు. దీని మీద కొందరికి నా మీద కోపం వస్తుంది, తెలుసు. "అన్నదమ్ములం, ఒకే కుటుంబం, వాడికి ఎందుకు వేరే కట్టాలి?" అంటారు. వేరే పొయ్యి, వేరే రేషన్ కార్డు పెట్టుకున్నప్పుడు వేరే కనెక్షన్ కూడా పెట్టుకోవాలి. స్తంభం ఎక్కే అబ్బాయి కూడా మన ఊరి బిడ్డే. వాన వచ్చినా, రాత్రి పది అయినా మనం వాడికే ఫోన్ చేస్తాము. వాడికి రావాల్సింది ఇవ్వకుండా, సిగ్నల్ మాత్రం నిండుగా రావాలంటే ఎట్ల?

"ఈ కాలంలో టీవీ ఎందుకు, అంతా ఫోన్‌లోనే ఉంది కదా" అని చిన్నవాళ్ళు అడుగుతారు. నిజమే, మీకు ఉంది. కళ్ళజోడు వేసుకుని, వణికే వేలితో ఆప్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టే శక్తి మీ అవ్వకు ఉందా? ఆమెకు ఒక రిమోట్, ఒక నంబరు తెలుసు. ఆ నంబరు నొక్కితే తెలుగు వస్తుంది. ఇంట్లో సిగ్నల్ చాలకపోతే ముందుగా కోత పడేది ఎప్పుడూ అడగలేని మనిషికే. అరిచేవాళ్ళకు కోత పడదు. నేను చేసిన తప్పు అదే. వైరుల వరుస చూడకుండా మనుషుల వరుస చూసినాను, చివర ఉన్న మనిషిని తీసేసినాను.

అందుకే నా కోరిక ఇది. మన సంఘం డబ్బుతో ఒక లెవెల్ మీటరు, కనెక్టర్లు బిగించే ఒక పనిముట్టు, ఒక డబ్బా మంచి కనెక్టర్లు, టెర్మినేటర్లు కొందాము. ఐటీఐ చదివిన పిల్లలు ఇద్దరు ముగ్గురు మన దగ్గర ఉన్నారు. కేబుల్ అబ్బాయి ఒక ఆదివారం కూర్చుని నేర్పుతానన్నాడు. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్న ఇళ్ళు, ఎస్సెస్సెల్సీ, పీయూసీ పిల్లలు ఉన్న ఇళ్ళు ముందు చూద్దాము. అటక ఎక్కి చూస్తే సగం ఇళ్ళల్లో తప్పు మెలిపెట్టిన జాయింటులోనే దొరుకుతుందని నా నమ్మకం. వైరు ముట్టుకుంటే జిల్లుమనే ఇళ్ళు ఉంటే ముందే చెప్పండి. అక్కడ ముందు టీవీ, బాక్సు ప్లగ్గులు పీకి, ఆ తర్వాతనే వైరు మీద చెయ్యి వేద్దాము. ఉరుములు మెరుపులు ఉన్న దినం ఎవరూ మిద్దె ఎక్కవద్దు.

ఒప్పుకోని వాళ్ళు కింద రాయండి, కోపం పడను. సంఘం డబ్బు వైర్లకు ఎందుకు అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు నా జవాబు ఒకటే. మన పండగలకు మైకు సెట్టు పెట్టిస్తాము, మంచిదే. మిగతా దినాల్లో మన తెలుగు వినబడేది ఆ గదుల్లోనే.

అవ్వ గది టీవీ మళ్ళీ నడుస్తా ఉంది. పిల్లోడి క్లాసు తెగలేదు. నిన్న రాత్రి పాప వచ్చి, సీరియల్‌లో ఎవరు ఎవరి ఆస్తి రాయించుకున్నారో నాకు పూర్తిగా చెప్పింది. నాకు ఒక ముక్క అర్థం కాలేదు, కానీ తెలుగు బాగానే ఉంది.

మీ ఇంట్లో ఎన్ని టీవీలు, మోడెమ్ ఏ మూలలో ఉంది, ఎన్ని స్ప్లిటర్‌లు ఉన్నాయి, కింద రాసి పెట్టండి. ఆదివారం వచ్చేవాళ్ళు నిచ్చెన తెచ్చుకోండి. మా ఇంటిది పొట్టిది, అటక అందదు.